ఇంటి ముందు జాగ ఎవరిది, దారి ఎవరిది?

ఈ నెల మన గల్లీల సంగతి రాస్తున్నాను. మిల్లులో ఉన్నన్ని రోజులూ, దిగినంక కూడా, నలుగురి కాగితాలు పట్టుకొని కచేరీలు తిరిగినవాణ్ణి. అక్కడ విన్నదీ చూసిందీ చెప్తున్నాను.

మన సోలాపూర్ తూర్పు భాగంలో ఇండ్లు చిన్నవి. అందులోనే వంట, అందులోనే మగ్గం. అందుకని గడప ముందు రెండు మూరల జాగ కనిపిస్తే ప్రాణం లాగుతుంది. మొదలు తులసి కోట, తర్వాత మల్లె తీగ, దానికి మేకలు రాకుండా చిన్న గోడ. ఎదురింటివాళ్ళూ అట్లనే జరుగుతారు. పది అడుగుల గల్లీ ఆరడుగులవుతుంది. అంబులెన్సు మూల మీదనే ఆగిపోయి, మనిషిని మంచంతో మోసుకుపోవలసి వచ్చిన రోజు ఆ నాలుగడుగుల విలువ తెలుస్తుంది.

"పన్నెండేండ్లు మా చేతిలో ఉంది, ఇక మాదే" అంటుంటారు. ఆ పన్నెండేండ్ల లెక్క ప్రైవేటు మనిషి జాగకు. మునిసిపాలిటీ వీధికి 1963 లిమిటేషన్ చట్టంలో గడువు 30 ఏండ్లు. వీధి మీద కట్టినదాన్ని నోటీసు లేకుండా తీసెయ్యడానికి 1949 నాటి కార్పొరేషన్ల చట్టం కమిషనరుకు అధికారం ఇచ్చింది. రోజూ ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గు పెట్టినంత మాత్రాన జాగ మనది కాదు. అనుమానముంటే ఖరీదు పత్రంలో చతుస్సీమ చూడండి. సిటీ సర్వే కచేరీలో ప్రాపర్టీ కార్డు, నక్షా తీసుకోండి. అప్పటికీ తేలకపోతే ఫీజు కట్టి మోజణి పెట్టించండి. గోడ కట్టేముందు ఈ ఖర్చు, కూలగొట్టినంక ఖర్చుకంటే తక్కువ.

ఇక దారి. అన్నదమ్ములు ఇల్లు పంచుకుంటారు. ముందు భాగం అన్నకు, వెనక భాగం తమ్ముడికి. తల్లి ఉన్నన్ని రోజులు అందరూ ఒకే వాకిట్లో నడుస్తారు. ఆమె పోయినంక మాటా మాటా పెరిగి ముందువాళ్ళు తలుపు మూస్తారు. వెనక ఉన్న ఆడబిడ్డ నీళ్ళ బిందెతో ఎటు పోవాలె? భయపడవద్దు. 1882 ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, పంపకంలో వేరే దారే లేకుండా పోయిన వాటాకు మిగతా వాటాలోంచి నడిచే హక్కు ఉంటుంది. ఏ పక్క నుంచో ముందువాళ్ళు చూపించవచ్చు, కాని అది నడవడానికి వీలైనదై ఉండాలె.

పక్కవాళ్ళ జాగలోంచి 20 ఏండ్లు బహిరంగంగా, అడ్డు లేకుండా, హక్కుగా నడిచినా ఆ దారి హక్కవుతుంది. సర్కారు జాగ అయితే 30 ఏండ్లు. "పోనీలే, నడవండి" అని వాళ్ళు ఇచ్చిన అనుమతి మీద నడిస్తే మాత్రం ఎన్నేండ్లయినా హక్కు రాదు. దారి మూస్తే, పండుగ పోనీ, పెండ్లి పోనీ అని కూర్చోవద్దు. తెలిసి ఏడాది ఊరుకుంటే ఆ లెక్క తెగిపోతుంది. వెంటనే వకీలును కలవండి.

వెనక వైపు కొత్త గేటు పెట్టుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలె. వేరే దారి లేదని వచ్చిన హక్కు, వేరే దారి దొరికిన రోజు పోతుంది. గటారు మీద బండ పరిచి గేటు తెరవాలంటే ముందు జోన్ కచేరీలో రాతపూర్వకంగా అనుమతి అడగండి. నోటిమాట పనికిరాదు.

అన్నిటికంటే మంచిది, పంపకం రోజునే దారి ఎక్కడ, ఎన్ని అడుగులు అని పత్రంలో రాయించి రిజిస్టరు చేయించడం. అన్నదమ్ములు నవ్వుకుంటూ కూర్చున్నప్పుడే ఆ ఒక్క వాక్యం రాయించండి. కోపాలు వచ్చినంక ఎవరూ సంతకం పెట్టరు.