కాంటేకి ఊపిరితిత్తులే కాదు, బుర్ర కూడా ఉంది

ఫుట్‌బాల్ ఫాలో అయ్యేవాళ్లకి ఈ జోక్ తెలిసే ఉంటుంది. భూమ్మీద 70 శాతం నీళ్లు కవర్ చేస్తే, మిగతా 30 శాతం ఎన్‌గోలో కాంటే కవర్ చేస్తాడట. లెస్టర్ సిటీలో అతని కోచ్ క్లాడియో రానియేరి అయితే, వీడు నిక్కర్లో బ్యాటరీలు దాచుకున్నాడేమో అని నవ్వుతూ చెప్పేవాడు. ప్రేమతో అన్న మాటలే, కాదనను. కానీ ఇన్నేళ్లుగా ఇవే వినీ వినీ నాకు చిరాకు పుట్టింది. కాంటే గురించి ఎవర్నడిగినా మూడే ముక్కలు చెప్తారు: తెగ పరిగెడతాడు, తెగ కష్టపడతాడు, చాలా మంచోడు. వీడికి ఆట చదవడం వచ్చు అనేవాళ్లు ఎంతమంది?

అసలు కథ చూడండి. 1991లో పారిస్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు మాలి నుంచి వలస వెళ్లినవాళ్లు. 19 ఏళ్లొచ్చేదాకా సురెన్ అనే చిన్న క్లబ్‌లోనే ఆడాడు. పెద్ద క్లబ్బుల అకాడమీలకి అతను ఆనలేదు, మరీ పొట్టి అని. ఇప్పటికీ 168 సెంటీమీటర్లే, అంటే ఐదడుగుల ఆరంగుళాలు. తర్వాత బులోన్ అనే క్లబ్‌కి వెళ్లి, ఫ్రాన్స్ మూడో డివిజన్‌లో ఆడాడు. పక్కన అకౌంటింగ్‌లో డిప్లొమా కూడా చేశాడు. (బీటెక్ చదువుతూ బ్యాంక్ కోచింగ్‌కి వెళ్లే బ్యాచ్ మన దగ్గరా ఉంటుంది కదా, అలాగన్నమాట.) 2013లో కాన్ అనే క్లబ్, ఏడాది తిరిగేసరికి ఆ క్లబ్‌తో పాటు ఫస్ట్ డివిజన్. 2015లో ఇంగ్లండ్‌లో లెస్టర్ సిటీ సుమారు 56 లక్షల పౌండ్లకి కొనుక్కుంది. అప్పటికి 24 ఏళ్లు.

లెస్టర్ అంతకు ముందు సీజన్‌లో కింది లీగ్‌కి పడిపోకుండా చివర్లో ఎలాగోలా బయటపడి, 14వ స్థానంలో ఆగింది. కొత్త సీజన్‌కి ఈ టీమ్ మీద పందెం రేటు ఒకటికి 5000. 2016 మేలో అదే టీమ్ ఛాంపియన్ అయింది. నేనప్పుడు బీటెక్‌లో ఉన్నాను. హాస్టల్ వైఫై మూడ్‌ని బట్టి హైలైట్స్ చూసేవాళ్లం. మా ఫోన్ల నిండా వార్డీ, మహ్రెజ్. వాళ్లు 24, 17 గోల్స్ కొట్టారు మరి. కాంటే ఎక్కడో గానీ కనపడేవాడు కాదు. ఎందుకో తర్వాతెప్పుడో ఫుల్ మ్యాచ్‌లు చూస్తే అర్థమైంది. హైలైట్ క్లిప్ మహ్రెజ్ కాళ్ల దగ్గర బంతితో మొదలవుతుంది. ఆ బంతి అతని దాకా ఎలా వచ్చిందన్నది క్లిప్ మొదలవకముందే అయిపోయి ఉంటుంది. కాంటే ఉండేది ఆ కట్ చేసేసిన నాలుగు సెకన్లలో.

ఆ సీజన్‌లో అతను 175 ట్యాకిల్స్, 156 ఇంటర్‌సెప్షన్స్ చేశాడు. రెండిట్లోనూ లీగ్‌లో టాప్. అందరూ మొదటి నంబర్ చెప్తారు. నాకు ఇష్టం రెండోది. ట్యాకిల్ అంటే బంతి ఎదుటోడి దగ్గర ఉంది, వెళ్లి లాక్కున్నావు. దానికి కాళ్లు కావాలి, ధైర్యం కావాలి. ఇంటర్‌సెప్షన్ అలా కాదు. బంతి ఒకడి దగ్గర్నుంచి ఇంకొకడికి వెళ్తుంటే మధ్యలో నువ్వుండాలి. ఉండాలంటే వాడు ఎటు ఇస్తాడో వాడు ఇవ్వకముందే తెలియాలి. వాడి నడుం ఎటు తిరిగింది, బంతి ఏ కాలి మీద ఉంది, వెనకాల ఖాళీగా ఎవడున్నాడు, ఇవన్నీ ఒక్క చూపులో లెక్కేసుకోవాలి. కాంటేని ఆపకుండా ఓ పది నిమిషాలు గమనిస్తే ఇంకోటి కూడా కనపడుతుంది. కొన్నిసార్లు అడ్డంగా నిలబడకుండా ఒక్క అడుగు పక్కకి జరిగి ఉంటాడు. ఎదుటోడికి దారి ఖాళీగా ఉందనిపిస్తుంది, పాస్ ఇచ్చేస్తాడు. అప్పుడు కదులుతాడు. పరుగు మనకి కనపడుతుంది, అంతకు ముందు వేసిన లెక్క కనపడదు. అందుకని మనం పరుగుని మెచ్చుకుంటాం.

ఐటీలో ఉన్నవాళ్లకి ఇది కొత్తేం కాదు. నా టీమ్‌లో ఒకమ్మాయి ఉండేది. డిజైన్ రివ్యూలో ఒక్కటే ప్రశ్న అడిగేది, దాంతో మూడు నెలల తర్వాత పుట్టాల్సిన బగ్ అసలు పుట్టేది కాదు. పుట్టని బగ్‌కి టికెట్ నంబర్ ఉండదు కదా. అప్రైజల్‌లో ఆమెకి వచ్చిన మాట 'హార్డ్ వర్కింగ్'. ప్రమోషన్ మాత్రం అర్ధరాత్రి సర్వర్ పడిపోతే లేచి సరిచేసిన హీరోకి వెళ్లింది. 'హార్డ్ వర్కింగ్' అనేది పొగడ్తో, పక్కన కూర్చోబెట్టడమో ఆ రోజు నుంచీ నాకు డౌటే.

సరే, మళ్లీ గ్రౌండ్‌లోకి. 2016లో చెల్సీ అతన్ని సుమారు 3.2 కోట్ల పౌండ్లకి తీసుకెళ్లింది. ఇక్కడ ఓ ఇంజనీర్‌కి పండగలాంటి డేటా ఉంది. అంతకు ముందు సీజన్‌లో పదో స్థానంలో ఉన్న చెల్సీ 93 పాయింట్లతో ఛాంపియన్ అయింది. ఛాంపియన్‌గా ఉన్న లెస్టర్ 12వ స్థానానికి జారింది, ఫిబ్రవరిలోనే రానియేరి ఉద్యోగం పోయింది. మారింది అతనొక్కడే కాదులెండి. చెల్సీకి ఆంటోనియో కోంటే అనే కొత్త కోచ్ వచ్చాడు (కాంటే, కోంటే, కామెంటేటర్లకి ఆ ఏడాది నరకమే), ఫార్మేషన్ మార్చాడు. లెస్టర్‌కి ఛాంపియన్స్ లీగ్ బరువు కూడా మీద పడింది. అయినా ఒకే మనిషిని ఒక సిస్టమ్‌లోంచి తీసి ఇంకో సిస్టమ్‌లో పెడితే రెండూ ఇలా తలకిందులవడం కేవలం ఊపిరితిత్తుల మహిమ అంటే నేను నమ్మను. 2017లో తోటి ఆటగాళ్లు ఓటేసి ఇచ్చే అవార్డు అతనికే వచ్చింది. ఎదురుగా ఆడినవాళ్లకి తెలుస్తుంది కదా.

2018లో వరల్డ్ కప్ కూడా గెలిచాడు. అదే ఏడాది చెల్సీకి మౌరిజియో సర్రి వచ్చి, మిడ్‌ఫీల్డ్ నడిమధ్యలో జోర్జీన్యోని పెట్టి, కాంటేని కుడివైపు ముందుకి జరిపాడు. దీని మీద ఏడాదంతా గొడవే. సర్రి వాదన పూర్తిగా తప్పు కాదు. అతని ఆటకి బంతిని చకచకా పంచేవాడు కావాలి, ఆ పనిలో జోర్జీన్యో మేలు. టీమ్ మూడో స్థానంలో నిలిచింది, యూరోపా లీగ్ గెలిచింది. నాకు నచ్చనిది ఆ సర్దుబాటు వెనక జనం చెప్పుకున్న మాట. జోర్జీన్యో మెదడు, కాంటే కాళ్లు అట. పొట్టిగా, నల్లగా ఉండి నోరు మెదపని కుర్రాడికి మెదడు ఉందని ఒప్పుకోవడానికి ఫుట్‌బాల్ లోకానికి ఎందుకింత కష్టమో.

2021 మే 29న పోర్టోలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. మనకి అర్ధరాత్రి పన్నెండున్నర, లాక్‌డౌన్ టైమ్. మాంచెస్టర్ సిటీ మీద హావర్ట్స్ ఒక్క గోల్ కొట్టాడు, చెల్సీ 1-0తో గెలిచింది. మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ కాంటే. రియల్ మాడ్రిడ్‌తో ఆడిన రెండు సెమీస్‌లోనూ అతనే. గోల్ కొట్టకుండా, చూపించడానికి ఒక్క రీల్ కూడా లేకుండా వరసగా మూడు పెద్ద మ్యాచ్‌ల్లో ఆ అవార్డు తీసుకున్నాడంటే మామూలు విషయం కాదు.

తర్వాత గాయాలు. 2022లో తొడ కండరానికి ఆపరేషన్, ఖతార్ వరల్డ్ కప్ మిస్. 2023లో సౌదీలో అల్ ఇత్తిహాద్‌కి వెళ్లిపోతే, డబ్బుకోసం వెళ్లాడు, ఇక రిటైర్ అయినట్టే అన్నారు. కాళ్లే అతని ఆటైతే అక్కడితో ముగిసిపోవాలి. కానీ 2024 యూరోకి ఫ్రాన్స్ రెండేళ్ల తర్వాత మళ్లీ పిలిచింది. 33 ఏళ్ల వయసులో ఆస్ట్రియాతో మొదటి మ్యాచ్‌లోనే మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్.

ఆ రాత్రి మా ఫుట్‌బాల్ వాట్సాప్ గ్రూప్‌లో ఒకడు "ఈ వయసులో కూడా ఏం పరిగెడుతున్నాడ్రా బాబూ" అని పెట్టాడు. రీప్లేలో పరుగుకి ముందు ఎక్కడ నిలబడ్డాడో చూడు అన్నాను. చూశాడో లేదో గానీ, బ్యాటరీ ఎమోజీ ఒకటి పంపించాడు.