శూన్యమనబడు మైదానము

మన తెలుగుదేశమునుండి పైచదువులకును ఉద్యోగములకును అమెరికా సంయుక్తరాష్ట్రములకు పోవు యువజనులు నేడు వేలకొలదిగా నున్నారు. వారిలో కొందరు సెలవుదినములలో మోటారుకారు నెక్కి, ఆ ఖండము నడుమ వ్యాపించియున్న ప్రేరీలను, అనగా చెట్లులేని పచ్చికమైదానములను, దాటిపోవుదురు. ఎట్లుండెనని యడిగినవారికి, "దినమంతయు కారు నడిపితిమి, అక్కడ నేమియు లేదు" అని బదులు చెప్పుదురు. ఈ మాట సత్యము కాదనియు, వినుటకు స్వల్పముగా నున్నను పూర్వము గొప్ప హాని చేసిన మాటయనియు నా యభిప్రాయము. విద్యార్థులు దీనిని శ్రద్ధతో ఆలోచింప కోరుచున్నాను.

ఉదాహరణమునకు నెబ్రాస్కా రాష్ట్రములోని 2వ నంబరు రహదారిని తీసికొందము. గ్రాండ్ ఐలండ్ పట్టణమునుండి పడమరగా అలయన్స్ పట్టణమువరకు ఇది సుమారు 270 మైళ్లు. మొదట మొక్కజొన్న చేలు కనబడును. బ్రోకెన్ బో అను ఊరు దాటిన పిదప చేలు తగ్గి, ఇసుకగుట్టల సీమ మొదలగును. సుమారు 19,000 చదరపు మైళ్ల మేర గడ్డి కప్పిన ఇసుకతిన్నెలే అలలవలె ఒకదానివెనుక నొకటి లేచుచుండును. ఎదురుగా వచ్చు బండ్లను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. ఈ సీమలోనిదే చెర్రీ కౌంటీ. కౌంటీ యనగా మన జిల్లావంటిది. దాని వైశాల్యము సుమారు 6,000 చదరపు మైళ్లు. 2020 జనాభాలెక్కలలో అందలి జనులు 6,000కు తక్కువ. చదరపు మైలునకు ఒక మనుష్యుడైనను లేడన్నమాట.

అయితే అక్కడ నున్నదేమి? మొదట గడ్డి. ఆ గడ్డివేళ్లే ఇసుకను పట్టియుంచినవి. గడ్డి పోయినచోట గాలి గుంటలు త్రవ్వును. ఇసుక మరల కదలును. ఇసుకనేల వాననీటిని వెంటనే పీల్చుకొనును గనుక, దానిక్రింద ఓగల్లాల అను గొప్ప భూగర్భజలరాశి నిండియున్నది. పశువుల తొట్టిప్రక్క తిరుగు గాలిమర ఆ నీటినే తోడుచుండును. అట్టి నేలను దున్నరాదు, మేపుకొనవలెను. మేపుకొని బ్రదుకు కుటుంబమునకు వేల ఎకరములు కావలసియుండును. కావుననే ఇంటికిని ఇంటికిని నడుమ మైళ్లదూరము. ఆ దూరము సోమరితనమునకు గాని దారిద్ర్యమునకు గాని గుర్తు కాదు. నేల నెరిగిన బ్రదుకుతెరువునకు గుర్తు.

రెండవది, ఆ దేశము తొలినుండి నిర్జనము కాదు. పానీ జాతివారు లూప్ నదీతీరములందు గ్రామములు కట్టుకొని మొక్కజొన్న పండించుచుండిరి. లకోటా జాతివారు ఆ గుట్టలలో అడవిదున్నలను వేటాడిరి. ఒకప్పుడు కోట్లకొలదిగా నున్న ఆ దున్నలు 1889 నాటికి సుమారు వేయి మాత్రమే మిగిలెను. పానీలు 1870ల దశకమున తమ పుట్టినసీమ విడిచి, నేటి ఓక్లహోమాకు పోవలసివచ్చెను. 1868 ఒడంబడికచే లకోటాలకు ఏర్పరచిన భూమిని 1889 నాటి చట్టము ముక్కలుచేసి, మిగిలినదానిని వలసవారికి తెరచెను. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టము ఐదేండ్లు కాపురముండి సాగుచేసినవారికి 160 ఎకరములచొప్పున ఇచ్చెను. ఇచ్చుటకు ముందు ఆ నేల ఎవరిదియు కాదనవలెను గదా! "అక్కడ నేమియు లేదు" అను మాట అప్పుడు చేసిన పని యిది.

వలసవచ్చినవారిని నిందించుట నా యుద్దేశము కాదు. వారిలో బీదలు పెక్కుమంది. కలప దొరకనందున వేళ్లతోకూడిన పచ్చికగడ్డలను ఇటుకలవలె కోసి యిండ్లు కట్టుకొనిరి. ఇసుకనేలలో 160 ఎకరములు చాలవని గ్రహించి, 1904లో కింకేడ్ చట్టము 640 ఎకరముల నిచ్చెను. దానినిబట్టి 1907 మొదలు చెర్రీ కౌంటీలో నల్లజాతి కుటుంబములు డివిట్టి అను పల్లెను నెలకొల్పినవి. ఆ నేలయు చాలక, 1930ల దశకము నాటికి వారు చెదరిపోయిరి. దక్షిణపు ప్రేరీలలోనైతే నాగలి పచ్చికను చీల్చినచోట అనావృష్టి తగిలి, 1935 ఏప్రిల్ 14వ తేదీన ధూళితుపాను పగటిని రాత్రిగా చేసెను. కావున నేడు కారుకిటికీలోనుండి కనబడు శూన్యము కొంత స్వభావసిద్ధము. కొంత వెళ్లగొట్టబడినవారు, వచ్చి నిలువలేకపోయినవారు విడిచిన చోటు.

ఉపాధ్యాయుడనగుటచే మరియొక సంగతి చెప్పక మానలేను. 1785 నాటి భూశాసనము ఆ దేశమును ఆరేసి మైళ్ల చదరములుగా కొలిచి, ఒక్కొక్కదానిని 36 భాగములు చేసి, 16వ భాగమును పాఠశాలకై విడిచెను. నెబ్రాస్కాలో 16, 36 భాగములు రెండును బడికే చెందెను. వానిలో కొంతభూమి నేటికిని ఆ నిమిత్తమే నిలిచి, దాని కౌలు పాఠశాలలకు చేరుచున్నది. కాని పిల్లలు తగ్గిరి. 2006లో ప్రాథమికవిద్య మాత్రము గరపు చిన్న పాఠశాలామండలములన్నియు పెద్దవానిలో కలుపబడెను. త్రోవప్రక్క నొంటిగా నిలిచిన పాత ఒంటిగది బడిని చూచినప్పుడైనను "ఏమియు లేదు" అనుటకు మనకు నోరు రాకూడదు.

"కారు నడుపువాడు త్రోవను చూడవలెను గాని చరిత్రను చూచునా?" అని కొందరనవచ్చును. విసుగుపుట్టించు తిన్నని త్రోవలో కునికిపాటే పెద్ద అపాయము. చుట్టునున్నదాని నెరిగినవాడు మెలకువగా నుండును. ఇక జాగ్రత్తలు తెలిసినవే: పెట్రోలు సగమున్నప్పుడే నింపుకొనవలెను, నీళ్లు, కంబళి వెంట నుంచుకొనవలెను, సెల్‌ఫోను పలుకని చోట్లు కలవని తలంచి పటము తీసికొనవలెను. ఆ త్రోవలలో ఎదురైన బండివాడు చక్రముమీదనుండి ఒక వ్రేలెత్తి పలుకరించుట వాడుక. మనమును ఎత్తవలెను. జనులు అరుదుగా నున్నచోట ఒక్కొక్క మనిషి యెంత యవసరమో వారికి తెలియును.

మనము భూగోళపాఠమున ప్రేరీల కొక రంగు పూసి, "గోధుమలు, పశువులు" అని వ్రాసి ఊరకుందుము. ఇకమీదట అది చాలదు. ఆ త్రోవన పోవు మన బిడ్డలు ఏ ఊరి పలకపై జనసంఖ్య యెంత వ్రాసియుండెనో, ఏ బడి తలుపు మూసియుండెనో, గాలిమర యెక్కడ తిరుగుచుండెనో చూచి ఉత్తరము వ్రాయుదురుగాక. తరగతిలో చదివి వినిపింతుము.