సెవిస్ బిల్లు ఎవరు కడుతున్నారు?

2025 ఏప్రిల్‌లో సెవిస్‌లో, అంటే విదేశీ విద్యార్థుల మీద కన్నేసి ఉంచే అమెరికా ప్రభుత్వ డేటాబేస్‌లో, వేలాది విద్యార్థుల రికార్డులు రద్దయితే మన చానళ్లు చెప్పిందంతా ట్రంప్ దూకుడు గురించే. ఈ వ్యవస్థ ఆయన తెచ్చింది కాదు. 1993 వరల్డ్ ట్రేడ్ సెంటర్ పేలుడు దోషుల్లో ఒకడు స్టూడెంట్ వీసా మీద వచ్చి చదువు మానేసినవాడని తేలింది. దాని ఫలితమే విదేశీ విద్యార్థుల వివరాలు సేకరించమంటూ క్లింటన్ హయాంలో 1996లో వచ్చిన వలస చట్టం 641వ సెక్షన్.

కిటుకంతా ఆ సెక్షన్‌లోనే ఉంది. విద్యార్థుల వివరాలకు రక్షణనిచ్చే 1974 నాటి చట్టం ఈ సమాచారానికి అడ్డురాదని అందులో రాసిపెట్టారు. అంటే ‘మా విద్యార్థుల వివరాలు ఇవ్వం’ అనే వీలే యూనివర్సిటీకి లేదు. పైగా నిఘా ఖర్చుకు ఫీజు కూడా యూనివర్సిటీలే వసూలు చేసి కట్టాలన్నారు. అవి గగ్గోలు పెడితే 2000లో సవరించి, వసూలు పని ప్రభుత్వం తీసుకుంది. గల్లాపెట్టె బాధ తప్పింది, కాపలా పని మిగిలింది.

విద్యార్థి అడ్రస్ మారినా, చదువు మానేసినా 21 రోజుల్లో సెవిస్‌లో ఎక్కించాలి. ఎక్కించే డీఎస్‌ఓకు, అంటే ఆ పని చూసే యూనివర్సిటీ అధికారికి, జీతం యూనివర్సిటీదే. విదేశీ విద్యార్థులను చేర్చుకునే గుర్తింపు దరఖాస్తుకు యూనివర్సిటీ కట్టేది 3,000 డాలర్లు, రెండేళ్లకోసారి పునరుద్ధరణకు 1,250. విద్యార్థి కట్టే ఫీజు 2004లో 100 డాలర్లు, 2019 నుంచి 350. యూనివర్సిటీ తన ఖర్చును మాత్రం ఎవరి మీద వేస్తుంది? ఖతర్ ఉత్తర కొసన అల్ రువైస్ రేవులో పనిచేస్తూ కొడుకును టెక్సస్ పంపే తండ్రి ఈ 350 వీసా ఇంటర్వ్యూకు ముందే కట్టాలి. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు.

నిఘా లేకపోతే దొంగ కాలేజీలు పెరగవా అంటారు. కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ అనే దొంగ యూనివర్సిటీలో సగానికి పైగా విద్యార్థులకు సన్నీవేల్‌లోని ఒకే అపార్ట్‌మెంట్ అడ్రస్‌గా ఉంది. అదీ ప్రభుత్వం సొంత డేటాబేస్‌లోనే! అయినా 2011 జనవరి దాకా ఆ దుకాణం నడిచింది. కాళ్లకు రేడియో పట్టీలు పడింది మన పిల్లలకు.

ఇక 2025 సంగతి. ప్రభుత్వం తనంతట తాను విద్యార్థి స్టేటస్ రద్దు చేయడానికి నిబంధనల్లో ఉన్నవి మూడే సందర్భాలు. చాలామంది విషయంలో కారణంగా చూపిన పాత పోలీసు కేసు వాటిలో లేదు. కోర్టులు వరసగా అడ్డుపడ్డాక ఏప్రిల్ 25న ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అంతకుముందు, రికార్డు పోయిందన్న సంగతి చాలాచోట్ల డీఎస్‌ఓలకు తెలిసింది కంప్యూటర్ తెరిచి చూసుకున్నాకే. విద్యార్థులే కోర్టు మెట్లెక్కారు. విదేశీ విద్యార్థులను చేర్చుకునే గుర్తింపు కోసం హార్వర్డ్ కోర్టుకెళ్లింది మే 22న తన గుర్తింపే రద్దయ్యాక. జీతమిచ్చి మరీ ఆ సమాచారం అందించే యూనివర్సిటీ, అది విద్యార్థి మీదికే తిరిగినప్పుడు లాయర్‌ను కూడా తన ఖర్చుతోనే పెట్టాలి. అడ్మిషన్ లెటర్‌లో ఆ మాట రాసివ్వమని మనవాళ్లు అడగాలి.