ముందు బస్సు, తర్వాత బోధ

బండి మానండి, బస్సెక్కండి, సైకిలు తొక్కండి, గాలి బాగుపడుద్ది అని పెద్దలు చదువుకో కొలువుకో హైదరాబాదు పోయిన మన పిల్లలకు చెబుతున్నారు. మాట మంచిదే. ముందు పొగ మింగేది మన బస్తీలే.

అయితే మేం అడుగుతున్నాం. ఏ దారిన తొక్కాలి? 2023లో ఔటర్ రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి వేశారు. ఎండ తగలకుండా పైన సోలార్ పలకలు పరిచారు. బస్తీ నుంచి పనికి పోయే కుర్రోడికి మాత్రం నడవటానికి ఫుట్‌పాత్ కూడా లేదు.

మెట్రో ఉందిగా అంటారు. 2025 మేలో దూరపు టికెట్టు 60 నుంచి 69 రూపాయలైంది. రానూపోనూ 138. ఆటో ఖర్చు వేరే. లీటరు పెట్రోలు అంతకన్నా చవక! 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ఉచితం చేశారు. మేలైన పనే. బస్సులు చాలినన్ని పెంచకపోతే ఆ మేలు ఫుట్‌బోర్డు మీద వేలాడుద్ది.

ఇంకో సంగతి. 1901లో మసూరు స్టేషన్లో దిగిన బాలుడు అంబేడ్కర్‌ను, తోటి పిల్లలను కులం తెలిసి ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. రెట్టింపు కిరాయి ఇచ్చి బండి తామే తోలుకున్నారు. ఒకరి దయ లేకుండా తిరగటం మనకి జల్సా కాదు, ఆత్మగౌరవం. మన పిల్లోడు వాయిదాల మీద బండి కొనేది అందుకే.

ఆ గౌరవం బస్సులో దొరకాలి. బస్తీ మలుపు దాకా బస్సు, రాత్రి డ్యూటీ దిగేవాళ్లకు బస్సు, నడిచేవాళ్లకు దారి. ముందు ఇవి ఇవ్వండి. ఇవ్వకుండా బోధించేవాళ్లను బస్తీ బస్తీలో నిలదీద్దాం.

జై భీమ్!