తలెత్తి చూడాల్సిన వీధి

పెళ్లి బట్టల కోసమో, ముత్యాల కోసమో, అత్తరు కోసమో హైదరాబాద్ పాతబస్తీకి వెళ్లేవాళ్లకు పత్తర్‌గట్టి బాగా తెలుసు. మదీనా చౌరస్తా నుంచి చార్మినార్ వైపు వెళ్లే దారి అది. బేరాల హడావుడిలో తలెత్తి చూసేవాళ్లు మాత్రం తక్కువ. చూస్తే... రెండువైపులా ఒకే తీరున సాగిపోయే రాతి కమానులు కనిపిస్తాయి. పత్తర్ అంటే రాయి. వీధికి ఆ పేరు అలా వచ్చిందే.

చార్మినార్ కట్టింది 1591లో. పక్కనే ఉంది కాబట్టి పత్తర్‌గట్టి కమానులదీ అదే వయసు అనుకుంటారు చాలామంది. నిజానికి ఇవి ఇరవయ్యో శతాబ్దపు కట్టడాలు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాతే నగరాన్ని సరిదిద్దాలన్న ఆలోచన ఊపందుకుంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలను బాగుచేయడం, రోడ్లను వెడల్పు చేయడం దాని పని. పత్తర్‌గట్టి ఆ బోర్డు చలవే.

రోడ్డు వేసి వదిలేస్తే ఎవరికి తోచినట్టు వాళ్లు దుకాణాలు కట్టుకునేవారు. బోర్డు అలా వదల్లేదు. వీధి మొత్తానికీ ఒకే ముఖం దిద్దింది. గ్రానైట్ గోడలు, వరుస కమానులు, కింద దుకాణాలు, పైన ఇళ్లు. షాపుల ముందు కమానుల కింద వరండా. అసలు గొప్పతనం ఆ వరండాదే! ఎండైనా వానైనా, ఏమీ కొనకపోయినా, నడిచే మనిషికి కాస్త నీడ.

ఇప్పుడు చాలాచోట్ల బోర్డులు కమానులను కప్పేశాయి. వరండాల్లోకి సరుకు వచ్చి చేరింది. నడిచేవాళ్లేమో ఎండలోకి, బళ్ల మధ్యకి దిగాల్సి వస్తోంది. చిన్న షాపు మీద బతికేవాళ్లకు బోర్డు కావాలి, నిజమే. అయితే దాన్ని కమాను మీద కాక లోపలి గోడకు తగిలించినా గిరాకీ వస్తుంది. సరుకును గడప లోపలికి జరిపితే కొనేవాళ్లే నీడపట్టున నింపాదిగా నిలబడతారు. కమాను రాయి ఒకసారి పగిలితే మాత్రం ఆ వరుస మళ్లీ కుదరడం కష్టం.

ఈసారి పాతబస్తీకి వెళ్లినప్పుడు మచిలీ కమాన్ చేరేలోపు ఒక్క నిమిషం ఆగండి. పిల్లలకు పైకి చూపించండి. చార్మినార్ గురించి వాళ్లకు ఎలాగూ బడిలో చెబుతారు. అక్కడిదాకా నీడలో నడిపించడానికి కట్టిన ఈ వీధి గురించి చెప్పాల్సింది మనమే.