తప్పిపోతే ఎక్కడ కలుద్దాం?

"ఊరు చూడాలనే ఉంది గానీ, ఆ రైళ్ళ గోల మనకు తెలీదమ్మా!" ఈ మాట మన ఇళ్ళల్లో ఎన్నిసార్లు వినలేదు? నేనూ అన్నదాన్నే. ముంబై వెళ్ళొచ్చాక మానుకున్నాను.

మా వదినె వాళ్ళది బోధన్, శక్కర్‌నగర్. 2015లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక మేనల్లుడు పని వెతుక్కుంటూ ముంబై వైపు వెళ్ళి, కల్యాణ్‌లో కాపురం పెట్టాడు. "అత్తా, అమ్మను తీసుకొని ఒక్కసారి రారాదూ" అని పోరగా పోరగా, పోయిన చలికాలంలో ఇద్దరం బయల్దేరాం. నిజామాబాదులో సాయంత్రం దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారకముందే కల్యాణ్. దారికి జొన్నరొట్టెలు, పల్లీల పొడి, కోడలికి కిలో పసుపు. అంతవరకు ఏ బెంగా లేదు. బెంగంతా లోకల్ రైలంటేనే.

మహాలక్ష్మి గుడికి వెళ్దామనుకున్నాం. మేనల్లుడికి సెలవు దొరకలేదు. కోడలికి చంటిపిల్ల. ఇక మేమిద్దరమే! దారంతా తెలుగులో కాగితం మీద రాసిచ్చాడు. కల్యాణ్ నుంచి దాదర్ వరకు సెంట్రల్ లైను. దాదర్‌లో దిగి వంతెన మీదుగా అటు దాటితే వెస్టర్న్ లైను. అక్కడ చర్చ్‌గేట్ వైపు వెళ్ళే స్లో బండి ఎక్కితే మూడో స్టేషనే మహాలక్ష్మి. ఇంతే.

దాదర్ దాకా బాగానే వచ్చాం. ఆడవాళ్ళ డబ్బా ముందు నిలబడ్డాం. బండి వచ్చింది. వెనకనుంచి వచ్చిన గుంపు వదినెను ఎత్తి లోపల పెట్టినట్టే పెట్టింది. నేను చెప్పు జారి కిందికి వంగానో లేదో, బండి కదిలింది! లోకల్ రైలు అర నిమిషం కూడా ఆగదు మరి. టికెట్టు నా దగ్గర. డబ్బులు నా దగ్గర. ఆమె ఫోను కూడా నా సంచిలోనే. స్టేషన్ పేర్లు మరాఠీ, హిందీ, ఇంగ్లీషులో ఉంటాయి. వదినెకు తెలుగు తప్ప చదవడం రాదు.

నా కాళ్ళు చల్లబడ్డాయి. అన్నయ్యకు ఏమని ఫోను చేయాలి? ఏడుపొచ్చేసింది. పక్కనున్న ఒకావిడ హిందీలో అడిగి, "ఆమె వెనకే వచ్చే స్లో బండి ఎక్కు, ప్రతి స్టేషన్‌లో తల బయటపెట్టకుండా లోపల్నుంచే చూడు" అంది. ఎక్కాను. మొదటి స్టేషన్ ప్రభాదేవి. ప్లాట్‌ఫారం మీద బెంచీ మీద వదినె! రైల్లో ఒకమ్మాయి ఆమె ముఖం చూసి సంగతి గ్రహించి, తనూ దిగి, పక్కన కూర్చుంది. "నువ్వొస్తవని తెలుసు పిల్లా, కానీ ఇంకో బండి పోతే మాత్రం ఏడ్చేదాన్ని" అంది వదినె. ఆ అమ్మాయి నవ్వి, వచ్చిన బండి ఎక్కేసింది. పేరైనా అడగలేదు నేను.

అందుకే చెప్తున్నాను, పెద్ద ఊరికి వెళ్ళేముందు ఇంట్లోనే ఇవి మాట్లాడుకోండి.

తప్పిపోతే ఏం చేయాలో ముందే ఒప్పందం కావాలి. ఎక్కినవాళ్ళు తర్వాతి స్టేషన్‌లో దిగి కదలకుండా ఉండాలి. మిగిలినవాళ్ళు వెనక బండిలో రావాలి. ఇద్దరూ వెతుక్కుంటూ తిరిగితే ఇద్దరూ దొరకరు.

కొత్తవాళ్ళు స్లో బండే ఎక్కండి. అది అన్ని స్టేషన్లలో ఆగుతుంది. ఫాస్ట్ బండి కొన్నింటిని వదిలేసి పోతుంది. అప్పుడు "తర్వాతి స్టేషన్" ఏదో మీకూ తెలీదు.

కౌంటరులో ఇద్దరికీ కలిపి ఒకే టికెట్టు ఇస్తుంటారు. విడివిడిగా అడిగి తీసుకోండి. ఎవరి ఫోను వాళ్ళ దగ్గర, కొంగుముడిలో కొంత డబ్బు, ఇంటి నంబరు రాసిన చీటీ ఉండాలి. రోజంతా తిరిగేవాళ్ళకు 1, 3, 5 రోజుల టూరిస్టు టికెట్లు కూడా ఉన్నాయి.

పొద్దున జనమంతా చర్చ్‌గేట్, సి.ఎస్.ఎం.టి. వైపు పోతారు. సాయంత్రం అంతా తిరుగుముఖం. మీరు పదకొండు దాటాక బయల్దేరి నాలుగింటికల్లా వెనక్కి తిరిగితే ఊపిరాడుతుంది.

ఆడవాళ్ళ డబ్బాలో అడగడానికి మొహమాటపడకండి. ఆ ఊళ్ళో ఆడవాళ్ళకు రైలు ఇంటి వాకిలి లాంటిది. 1992 మే 5న చర్చ్‌గేట్, బోరివలి మధ్య అచ్చంగా ఆడవాళ్ళ కోసమే ఒక రైలు మొదలైంది. కూరగాయలు ఒలుచుకునేవాళ్ళూ, భజన పాడేవాళ్ళూ అందులోనే కనిపిస్తారు.

ముంబై దాకా ఎందుకు, హైదరాబాదుకు పోయినా ఇదే పద్ధతి. 2003లో ఎం.ఎం.టి.ఎస్., 2017లో మెట్రో వచ్చాయి. అమీర్‌పేటలో మెట్రో లైను మారేటప్పుడు చెయ్యి వదిలితే దాదర్‌లో మా గతే!

మరి మహాలక్ష్మి దర్శనం? అయింది. మర్నాడు గేట్‌వే చూద్దామని నేను అంటానో లేదో, వదినె కౌంటరు ముందు చెయ్యి చాపింది. "ఇయ్యాల నా టికెట్టు నా చేతికియ్యి."

ఇచ్చాను.