మెల్లగా తొక్కండి, మధ్యలో దిగండి

ఉత్తరాంధ్ర పల్లెల్లో సైకిలుకు పట్టిన దుస్థితిని మీరు గమనించే ఉంటారు. ఒకప్పుడు పొలానికి, సంతకు, బడికి, చివరకు పెళ్ళిచూపులకు కూడా అదే వాహనం. ఇప్పుడది పశువుల పాక గోడకు ఆనుకొని తుప్పు పడుతున్నది. కొడుకు పట్నంలో ఉద్యోగం సంపాదించగానే తండ్రికి మొదట కొనిచ్చేది మోటారు సైకిలు. అది ప్రేమతో ఇచ్చిన కానుకే, కాదనను. కానీ అరవై ఏళ్ళ ఆ పెద్దమనిషి రోజూ చేస్తున్న ఒకే ఒక్క వ్యాయామాన్ని ఆ కానుక మాన్పించింది. తరువాత కొన్నేళ్ళకు ఆయన చక్కెర, రక్తపోటు పరీక్షల కాగితాలు పట్టుకొని వైద్యుడి ఎదుట కూర్చుంటాడు. వృత్తిలో ఉన్నంతకాలం అటువంటివారిని ఎందరినో చూశాను.

పట్టణాల్లో మరొక దృశ్యం కనిపిస్తున్నది. ఖరీదైన గేర్ల సైకిళ్ళు, బిగుతైన దుస్తులు, తెల్లవారకముందే పదహారో నంబరు జాతీయ రహదారిపై పరుగులు, చేతి గడియారంలో వేగం లెక్కలు. యువకులు చేస్తే సంతోషమే. అయితే యాభై దాటిన నా మిత్రులు కొందరు దీనిని చూసి రెండు రకాల పొరపాటు నిర్ణయాలకు వస్తున్నారు. కొందరు "అది మన వల్ల కాదు" అని మానుకుంటున్నారు. మరికొందరు మొదటి వారమే యువకులతో పోటీపడి మోకాళ్ళు పట్టుకొని కూర్చుంటున్నారు. ఈ వయసువారికి నేను సూచించేది మూడవ మార్గం. ఊరి దారుల్లో, చెట్ల నీడన, గంటకు పది పన్నెండు కిలోమీటర్లకు మించని వేగంతో, దిగుతూ ఎక్కుతూ సాగే తీరిక ప్రయాణం అది.

ఈ నెమ్మదితనం వయసుకు ఇచ్చే రాయితీ కాదు. వైద్యపరంగా మనకు కావలసినదే అది. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు మధ్యస్థ స్థాయి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మధ్యస్థం అంటే ఏమిటో తెలుసుకొనడానికి యంత్రం అక్కరలేదు. సైకిలు తొక్కుతూ పక్కవారితో మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. మాట కూడా తడబడితే వేగం తగ్గించవలసినదే. తొడ, పిరుదు కండరాలు శరీరంలోకెల్లా పెద్దవి. అవి పనిచేస్తున్నంతసేపు ఇన్సులిన్ సరిగా పనిచేయని వారిలో కూడా రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకుంటాయి. ఆ మేలు దిగిన తరువాత కూడా ఒకటి రెండు రోజులు నిలుస్తుంది. అరగంట ఆయాసపడి రెండు వారాలు మానేసేవారికంటే, వారానికి రెండుసార్లు గంటన్నర చొప్పున నింపాదిగా తొక్కేవారికే ఎక్కువ లాభం.

మోకాళ్ళ నొప్పులున్నవారు తరచుగా సందేహిస్తారు. శరీర బరువును సీటు మోస్తుంది కనుక నడకకంటే సైకిలు మోకాళ్ళకు సుఖం. అయితే మన పల్లెల్లో కాలు నేలకు ఆనాలని సీటును బాగా కిందికి దించి తొక్కుతారు. నొప్పికి సగం కారణం అక్కడే ఉన్నది. పెడలు అట్టడుగుకు వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండేలా సీటును పైకి లేపించండి. మరొక మాట. సైకిలు గుండెకు, కండరాలకు మేలు చేసినంతగా ఎముకలకు చేయదు. ఎముక గట్టిపడాలంటే అది బరువు మోయాలి. అందుకే ఎత్తు వచ్చినచోట సైకిలు దిగి నడిపించుకొని వెళ్ళమంటాను. దానిని ఎవరూ ఓటమిగా భావించనక్కరలేదు.

ఇక దారుల సంగతి. విజయనగరం నుంచి రామతీర్థం సుమారు పన్నెండు కిలోమీటర్లు. రాముని కోవెలతోపాటు పక్కనే బోధికొండ, గురుభక్తుల కొండ మీద ప్రాచీన శిథిలాలు ఉన్నాయి. మొదటిసారి బయలుదేరేవారికి ఇది చాలు. కొంత అలవాటైనవారు గంట్యాడ మీదుగా గోస్తనీ నదిపై ఉన్న తాటిపూడి జలాశయం దాకా వెళ్ళవచ్చు; తూర్పు కనుమలు అక్కడ ఎదురుగా నిలుస్తాయి. శ్రీకాకుళం వైపు వంశధార ఒడ్డున శాలిహుండం కొండ ఉన్నది. అక్కడి బౌద్ధ అవశేషాలను 1919లో గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు వెలుగులోకి తెచ్చారు. సవరల భాష నేర్చి, దానికి నిఘంటువు కూర్చిన మహానుభావుడు ఆయనే. ఆ కొండ దిగి ముందుకు సాగితే వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం. టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో చలికాలమంతా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊరి చింతచెట్ల మీద కాపురముంటాయి. కారులో వెళ్ళినవారు ఆ పక్షులను చూసి వస్తారు. సైకిలు మీద వెళ్ళినవారికి ఊరు చేరకముందే వాటి సద్దు వినబడుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మందస దారి. మందస రోడ్డు స్టేషను దగ్గర రైలు దిగి ఊరి వైపు తొక్కుతుంటే ఎదుట 1,500 మీటర్ల ఎత్తున మహేంద్రగిరి, దాని ఒడిలో పాత అడవి. కొండ ఒడిశాకు చెందినా నీడ మనదే. మందస కోవా మానమని చెప్పి మీ చేత తిట్లు తినను. చక్కెర వ్యాధి ఉన్నవారు ఒక్కటి తినండి, అదీ ఇంటికి చేరాక కాక, సైకిలు ఎక్కబోయే ముందు.

పాత అడవి అంచున తిరిగితే మనసుకు నెమ్మది కలుగుతుందని వేరే చెప్పనక్కరలేదు. జపానులో 1982లో అక్కడి అటవీ శాఖ "అడవి స్నానం" అనే మాటను ప్రచారంలోకి తెచ్చింది. చెట్ల మధ్య కొంతసేపు గడిపినవారిలో రక్తపోటు, ఆందోళన కొంత తగ్గినట్లు అధ్యయనాలు వచ్చాయి. అడవి గాలి క్యాన్సరును నయం చేస్తుందని ఫోనుల్లో తిరిగే సందేశాలను మాత్రం నమ్మకండి. రక్తపోటు మాత్రలను చెట్లు చూసి మానుకోవద్దు.

ఇప్పుడు అసలు హెచ్చరిక. మందస ఉద్దానంలో భాగం. కొబ్బరి, జీడి, పనస తోటల ఈ పచ్చని సీమ 2018 అక్టోబరు తిత్లీ తుపానుకు నేలమట్టమైంది. ఇంకా చాలాచోట్ల పాత నీడ తిరిగి రాలేదు. ఈ సీమనే పట్టి పీడిస్తున్న మూత్రపిండాల వ్యాధికి మూలకారణం ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో ప్రత్యేక ఆసుపత్రి ప్రారంభమైంది. కారణం ఏదైనా, ఎండలో శ్రమించి నీరు తాగకపోవడం, ఆపై ఒళ్ళు నొప్పులకు మందుల దుకాణంలో అడిగి బిళ్ళ వేసుకొనడం మూత్రపిండాలకు శత్రువులు. నీరు తగ్గిన శరీరంలో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మందులు మూత్రపిండాలకు రక్త ప్రసరణను మరింత తగ్గిస్తాయి. సైకిలు తొక్కి వచ్చిన సాయంత్రం కాళ్ళు పీకితే గోరువెచ్చని నీళ్ళ స్నానం చేయండి, విశ్రాంతి తీసుకోండి. బిళ్ళ జోలికి పోవద్దు. ఇది ఉద్దానం వారికే కాదు, అందరికీ.

మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది, కానీ ఆరదు, ఒళ్ళు చల్లబడదు. కనుక నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే దూర ప్రయాణాలు పెట్టుకోండి. మిగిలిన నెలల్లో ఉదయం ఎనిమిదింటికల్లా ఇంట్లో ఉండాలి. దాహం వేసేదాకా ఆగకుండా నీరు తాగండి. మూత్రం ముదురు పసుపుగా ఉంటే తాగినది చాలలేదని అర్థం. మూత్రపిండాలు, గుండె జబ్బుల వల్ల నీటికి పరిమితి ఉన్నవారు తమ వైద్యుని మాటే వినాలి. దారిలో శీతల పానీయాల కంటే మన చోడి అంబలి ఎంతో మేలు. ఇన్సులిన్ లేదా గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వాడేవారు జేబులో బెల్లం ముక్కో గ్లూకోజు పొట్లమో ఉంచుకోవాలి, ఒంటరిగా వెళ్ళరాదు. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, అలవాటు లేని ఆయాసం ఉన్నవారు గుండె పరీక్ష చేయించుకున్న తరువాతే సీటు ఎక్కాలి.

పాలకొండ దాటి సీతంపేట కొండల్లోకి వెళ్ళాలనుకునేవారికి ప్రత్యేకంగా చెబుతున్నాను. అక్కడి సాల వృక్షాల అడవి కన్నుల పండుగే. అయితే ఒడిశా నుంచి వచ్చిన ఏనుగులు ఆ ప్రాంతంలో తిరుగుతున్నాయి. కారులో ఉన్నవారికి ఉండే రక్షణ సైకిలు మీద ఉన్నవారికి ఉండదు. తెల్లవారుజామున, మునిమాపున ఆ దారుల్లో ఉండవద్దు. బయలుదేరే ముందు గ్రామస్థులను అడగండి. వారు వద్దంటే వెనుదిరగండి. దోమలు కుట్టే అవకాశం ఉన్నది కనుక ఒంటినిండా దుస్తులు ధరించండి. తిరిగి వచ్చిన నెలలోపు జ్వరం వస్తే అదే రోజు మలేరియా పరీక్ష చేయించండి. మెదడుకు సోకే మలేరియా మరునాటి వరకు ఆగదు.

స్త్రీలు ఈ వయసులో సైకిలు నేర్చుకోవచ్చునా అని కొందరు అడుగుతుంటారు. ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్ళు పంచిన సంవత్సరాలు ఉన్నాయి. ఆ పిల్లల సైకిలు ఎన్నో ఇళ్ళలో నేటికీ ఉన్నది. వారి తల్లులు, అమ్మమ్మలు దానిని నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. మెకానిక్కు చేత పెడళ్ళు తీయించి, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేంత కిందికి సీటు దించండి. బడి మైదానంలో కాళ్ళతో నేలను తోస్తూ నాలుగైదు రోజులు తిరగండి. సమతూకం కుదిరిన తరువాత పెడళ్ళు బిగించి, సీటును అంగుళం అంగుళంగా పైకి లేపండి.